రాతకు యజమానులెవరు?

1

సాహిత్యానికి భౌతిక పునాది వుందని మనం ఒప్పుకుని చాలా కాలమైంది. ప్రబంధం వెనక రాజాస్థానాన్నీ, నవల వెనక మధ్యతరగతినీ, గేయం వెనక ప్రజా ఉద్యమాన్నీ చూడటం మన విమర్శకి అలవాటే. ఐతే ఆ పునాదిలో ఒక రాయిని మాత్రం మనం తిరగేసి చూడలేదు. అది రాత పనిముట్టు. తాటాకూ గంటమూ, కాయితమూ కలమూ, సీసపు అక్షరమూ అచ్చుయంత్రమూ - వీటిని సాహిత్య చరిత్రల తొలి పేజీల్లో ఒక పేరాలో తలుచుకుని ముందుకు పోతాం. కంప్యూటరు దగ్గరకి వచ్చేసరికి ఆ పేరా కూడా వుండదు. దేనిమీద రాస్తేనేం, కథ కథే కదా అన్నది మన ధీమా.

నాకూ ఆ ధీమా వుండేది. దాన్ని పోగొట్టినవి మూడు ఫ్లాపీలు.

చేనేత కుటుంబం నుంచి వచ్చిన ఒక కథకుడు నాకు మిత్రుడు. 1990లలో మేమిద్దరం కలిసి ఒక చిన్న పత్రిక నడిపాం. అటువంటి పత్రికలు ఎన్నాళ్ళు నడుస్తాయో అన్నాళ్ళే అదీ నడిచింది. అప్పటికి మా వూళ్ళో సీసపు అక్షరాల కంపోజింగు వెనకపట్టి డి.టి.పి. వచ్చింది. ఆయన తన కథల్ని ఒక డి.టి.పి. సెంటర్లో కంపోజు చేయించుకుని, ఎప్పటికైనా పుస్తకం వెయ్యాలనే ఆశతో ఫ్లాపీల్లో దాచుకున్నాడు. కంపోజు ఐపోయింది కదా అని రాతప్రతుల్ని లెక్కచెయ్యలేదు. పుస్తకం రాకుండానే ఆయన పోయాడు. ఆ సెంటరూ మూతపడింది. చాలా ఏళ్ళ తరవాత ఆయన భార్య ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "అన్నయ్యగారూ, ఇందులో ఆయన కథలున్నాయి. మా యింట్లో కాయితమ్ముక్క మిగల్లేదు. వీటిని చదివే మిషను మా పిల్లలకి ఎక్కడా దొరకలేదు" అంది.

ఫ్లాపీల మీద అంటించిన చీటీల్లో తొమ్మిది కథల పేర్లు బాల్ పెన్నుతో రాసివున్నాయి. వాటిలో రెండు మా పత్రికలో అచ్చయినవి. మిగిలిన ఏడూ ఆయనా, ఆ కంపోజరూ తప్ప ఎవరూ చదవనివి.

2018లో మా అమ్మాయి చదువు కారణంగా నేను అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి వెళ్ళవలసి వచ్చింది. అక్కడి బౌల్డర్ పట్టణంలో, విశ్వవిద్యాలయం వారి ప్రయోగశాల ఒకదానిలో పాత కంప్యూటర్లని పనిచేసే స్థితిలో వుంచుతారని తెలిసింది. ఫ్లాపీలు మూడూ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. అక్కడ చూసినదీ, తిరిగి వచ్చాక తేలినదీ చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం. యంత్రాల మీద మోజుతో రాస్తున్నది కాదిది. రాత పనిముట్టు ఎవరి అదుపులో వుంటుందో రాత ఆయుష్షు కూడా వాళ్ళ అదుపులోనే వుంటుందన్న సంగతిని రచయితల ముందు పెట్టడానికి రాస్తున్నది.

2

ఆ ప్రయోగశాల పేరు మీడియా ఆర్కియాలజీ లాబ్. మాధ్యమాల పురాతత్వశాల అనుకోవచ్చు. దాన్ని 2009లో లోరీ ఎమర్సన్ స్థాపించారు. ఆవిడ ఇంజనీరు కాదు, ఇంగ్లీషు శాఖలో సాహిత్యం చెప్పే అధ్యాపకురాలు. ఈ సంగతి గమనించాలి. పాత కంప్యూటర్లు కావలసివచ్చింది సాహిత్య పాఠం చెప్పటానికి.

మ్యూజియంలో వస్తువులు గాజుపెట్టెల్లో వుంటాయి, ముట్టుకోరాదని పక్కన బోర్డుంటుంది. ఇక్కడి పద్ధతి దీనికి తలకిందులు. వచ్చినవాళ్ళు యంత్రాన్ని తామే నడిపి చూడాలి. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఆల్టెయిర్ జాతి యంత్రానికి తెరా లేదు, కీబోర్డూ లేదు. ముందు పలక మీద వరసగా స్విచ్చులూ, ఎర్రటి దీపాలూ వుంటాయి. ఒక్కొక్క స్విచ్చునే పైకీ కిందికీ తోస్తూ దానికి ఆజ్ఞలు చెప్పాలి. దాని పక్కనే టెలివిజనుకి తగిలించుకునే కంప్యూటర్లు, ఆపిల్ యంత్రాలు, టైపు మిషన్లు, గ్రామఫోను వంటి పాత సాధనాలు. ఇవన్నీ ఒకే నిచ్చెన మీది మెట్లని మనకి నేర్పారు. దగ్గరగా చూస్తే అలా అనిపించదు. ఒక్కొక్కటీ ఒక్కొక్క దారి. కొన్ని దారులు చివరికంటా సాగాయి, కొన్ని మూతపడ్డాయి. మూతపడిన దారులన్నీ తప్పుదారులేమీ కావు.

ఎమర్సన్‌కి పాత యంత్రం అవసరమైంది ఒక కవితాసంపుటి కోసం. బి.పి. నికోల్ అనే కెనడా కవి 1983-84లో ఆపిల్ టూ-ఇ అనే కంప్యూటరు మీద, బేసిక్ భాషలో, పన్నెండు కవితలు రాశాడు. ఆ సంపుటి పేరు ఫస్ట్ స్క్రీనింగ్. 1984లో నూరు ప్రతులు వెలువడ్డాయి. ప్రతి అంటే అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ. దానిలో పట్టేది 140 కిలోబైట్లు. ఆ కవితల్లో మాటలు తెర మీద కదులుతాయి, ఒక మాటలోంచి ఇంకో మాట పుడుతుంది, మెరిసి మాయమవుతుంది. వాటిని కాయితం మీద అచ్చువేస్తే పాట చరణాల్ని రాసుకున్నట్టే వుంటుంది, పాట వుండదు.

నేను ఆ కవితల్ని అసలు యంత్రం మీద చూశాను. డ్రైవు గరగరమంది, నల్లటి తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. కవితలు ముగిసిన తరవాత అక్కడి విద్యార్థి ఒకరు 'లిస్ట్' అని టైపు చెయ్యమన్నారు. చేస్తే ఆ కవితల్ని నడిపించిన ప్రోగ్రామంతా తెర మీదికి వచ్చింది. కవితకి నాట్యం నేర్పిన ఆజ్ఞలన్నీ వరస నంబర్లతో సహా నా ముందున్నాయి. అంతేకాదు, కవి ఆ ఆజ్ఞల మధ్య, ఆసక్తి వున్న పాఠకుడి కోసం ఒక సూచన దాచిపెట్టాడు. తెర మీద మామూలుగా కనిపించని కవిత ఇంకొకటి వుందనీ, ప్రోగ్రాములోకి వచ్చి దాన్ని నడిపించుకోవచ్చుననీ. పాఠకుడు వంటింట్లోకి కూడా రావచ్చునని కవి పిలుస్తున్నాడన్నమాట.

ఆ పిలుపు వినాలంటే తలుపు తెరుచుకునే యంత్రం కావాలి. ఆపిల్ టూ అటువంటిది. ఆ వరస 1977లో మొదలైంది. దాని పైమూతని ఏ పనిముట్టూ లేకుండా చేత్తో ఎత్తవచ్చు. లోపల కొత్త భాగాలు చేర్చుకోవటానికి ఎనిమిది గళ్ళున్నాయి. యంత్రాన్ని ఆన్ చెయ్యగానే ప్రోగ్రాము రాసుకునే భాష సిద్ధంగా వుంటుంది. కొన్నవాడు వాడుకోవటమే కాక, మార్చుకోనూ వచ్చు.

3

అదే గదిలో, రెండు బారల దూరంలో, 1984 జనవరిలో అదే కంపెనీ విడుదల చేసిన మాకింటోష్ వుంది. మూత చేత్తో రాదు. మరలు విప్పటానికి మామూలు ఇళ్ళలో వుండని పొడుగాటి పనిముట్టు కావాలి. కొత్త భాగాలకి గళ్ళు లేవు. ప్రోగ్రాము రాసుకునే భాష యంత్రంతో రాలేదు. బదులుగా బొమ్మలొచ్చాయి - ఫైలుకి కాయితం బొమ్మ, చెరపటానికి చెత్తబుట్ట బొమ్మ. బొమ్మ మీద నొక్కితే పని జరుగుతుంది. ఎలా జరిగిందో తెలియదు, తెలుసుకోవలసిన అవసరం లేదని ఆ యంత్రం చెబుతుంది. ఎమర్సన్ 2014లో వెలువరించిన గ్రంథంలో చర్చించిన ముఖ్య విషయాల్లో ఇదొకటి: వాడకం సులువు కావటం అనే పేరుతో, రాసే మనిషికి తన పనిముట్టు లోపలి సంగతి తెలియకుండా పోయింది.

మన పరిభాషలో చెప్పాలంటే ఇది పనిమంతుడికీ పనిముట్టుకీ మధ్య వచ్చిన పరాయీకరణే. మగ్గం మీద కూర్చున్నవాడికి మగ్గం ప్రతి కీలూ తెలుసు. అచ్చు తెగితే అతుకుతాడు, పన్నె విరిగితే మారుస్తాడు. మరమగ్గం ముందు నిలబడ్డవాడికి ఆ అధికారం లేదు.

ఐతే ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. పాతది మంచిది, కొత్తది చెడ్డది అనుకోవటం చారిత్రక దృష్టి కాదు. ఆ ఆపిల్ టూ ముందు కూర్చుని నేను నా పేరు తెలుగులో రాయబోయాను. రాదు. దాని అక్షరాల పెట్టెలో వున్నది ఇంగ్లీషు లిపి ఒక్కటే. మూత తెరుచుకునే ఆ ప్రజాస్వామ్యంలో నా భాషకి ప్రవేశం లేదు. తెరని చుక్కల మయం చేసి, ఏ ఆకారాన్నైనా అక్షరంగా గీసుకోనిచ్చే పద్ధతిని జనంలోకి తెచ్చినవి మాకింటోష్ వంటి యంత్రాలే. మన వూళ్ళలో డి.టి.పి. సెంటర్లు వెలిసింది, చిన్న పత్రికలు తక్కువ ఖర్చుతో బతికింది ఆ పద్ధతి పుణ్యమే. అంటే తెలుగు అక్షరానికి కంప్యూటరులో చోటు దొరికిన పద్ధతీ, పాఠకుడికి తలుపు మూసుకుపోయిన పద్ధతీ ఒక్కటే. ఈ వైరుధ్యాన్ని వైరుధ్యంగానే అర్థం చేసుకోవాలి. దాని ఫలితం మన మీద ఎలా పడిందో ముందు చెబుతాను.

4

నికోల్ 1988లో చనిపోయాడు. ఆయన సంపుటి ఆ తరవాత పడ్డ పాట్లు వింటే సాహిత్య పరిరక్షణ అంటే ఏమిటో తెలుస్తుంది. ఆపిల్ టూ యంత్రాల కాలం చెల్లటంతో, 1993లో ఆ కవితల్ని మాకింటోష్ మీద నడిచే హైపర్‌కార్డ్ అనే సాధనంలోకి మార్చి ప్రచురించారు. ఆ హైపర్‌కార్డ్ అమ్మకాన్ని కంపెనీ 2004లో నిలిపేసింది. రక్షించటానికి ఎక్కించిన పడవే మునిగింది. 2007లో కొందరు కవులూ ప్రోగ్రామర్లూ కలిసి ఆ కవితల్ని ఇంటర్నెట్ మీద నాలుగు రూపాల్లో పెట్టారు - పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాముతో నడిచే అసలు ప్రతి, హైపర్‌కార్డ్ ప్రతి, జావాస్క్రిప్ట్ ప్రతి, క్విక్‌టైమ్ వీడియో. ఆ క్విక్‌టైమ్‌కి కూడా విండోస్ యంత్రాల మీద కంపెనీ మద్దతు 2016లో ఆగిపోయింది.

దీని కంటే పెద్ద ఉదాహరణ ఇంగ్లండులో వుంది. 1086 నాటి భూముల లెక్కల గ్రంథం డూమ్స్‌డే బుక్‌కి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంగా, 1986లో బి.బి.సి. ఆ కాలపు జనజీవితాన్ని లేజర్ డిస్కుల మీదికి ఎక్కించింది. బడిపిల్లలతో సహా పది లక్షల మంది దాకా అందులో పాల్గొన్నారు. పదహారేళ్ళు తిరక్కుండానే ఆ డిస్కుల్ని చదివే యంత్రాలు కరువయ్యాయి. వాటిలోని సమాచారాన్ని బయటికి తియ్యటానికి ప్రత్యేకంగా పరిశోధకులు పూనుకోవలసి వచ్చింది. 1086 నాటి తోలుకాయితం మాత్రం కళ్ళున్నవాడు ఇప్పటికీ చూడవచ్చు.

కాలంతో పాటు వస్తువులు పాతబడటం సహజమే కదా అంటారు. తాటాకు కూడా చెదలు పట్టేది. నిజమే. అందుకే పాతబడ్డ ప్రతిని చూసి కొత్త ఆకుల మీద తిరిగి రాసేవారు. సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యాల్ని కాపాడింది పండితులకి జీతాలిచ్చి ప్రతులు రాయించటం ద్వారానే. తాటాకుని తిరిగి రాయటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చదువొస్తే చాలు. ఆకు చెడిపోవటం ప్రకృతి ధర్మం. ఫ్లాపీ చదివే డ్రైవు తయారీ ఆగిపోవటం, ఫైలు నిర్మాణాన్ని రహస్యంగా వుంచటం, కొత్త యంత్రం పాత ఫైలుని తెరవకపోవటం - ఇవి ప్రకృతి ధర్మాలు కావు. ఇవి వ్యాపార నిర్ణయాలు. మన్నికైన వస్తువు అమ్మినవాడికి రెండో అమ్మకం లేదు. పాతబడటాన్ని కూడా ఉత్పత్తి చెయ్యటం ఈ వ్యవస్థ ప్రత్యేకత. ఆ ఉత్పత్తిలో మన కథలూ కవితలూ ముడిసరుకుగా నలిగిపోతున్నాయి.

5

యంత్రాల చరిత్రని మామూలుగా ఇద్దరు ముగ్గురు మేధావుల కథగా చెబుతారు. ఆ గదిలో యంత్రాల మూతలు తీసి చూస్తున్నప్పుడు వేరే మనుషులు గుర్తుకొస్తారు.

కొలరాడోకి దక్షిణాన ఆనుకుని న్యూమెక్సికో రాష్ట్రం వుంది. ఆల్టెయిర్ తయారైంది ఆ రాష్ట్రంలోని ఆల్బుకర్కీ నగరంలోనే. అదే రాష్ట్రం వాయవ్య మూల నవహో ఆదివాసుల ప్రాంతంలో షిప్‌రాక్ అనే వూరుంది. ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్ కంపెనీ 1965లో అక్కడ చిప్పుల తయారీ మొదలుపెట్టింది. ఒక దశలో అక్కడ వెయ్యి మందికి పైగా నవహోలు పనిచేశారు. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. నవహో స్త్రీలు తరతరాలుగా ఉన్ని తివాచీలు నేస్తారు. దాన్ని కంపెనీ తన ప్రచారానికి వాడుకుంది. 1969 నాటి దాని పుస్తికలో తివాచీ మీది అల్లికనీ, చిప్పు లోపలి గీతలనీ పోల్చి చూపింది. ఈ చరిత్రని లీసా నకమురా అనే పరిశోధకురాలు 2014లో ఒక వ్యాసంలో విశ్లేషించారు. చేతి నైపుణ్యాన్ని నైపుణ్యంగా గుర్తిస్తే దానికి తగ్గ కూలి ఇవ్వాలి. అది వాళ్ళ జాతి స్వభావం, రక్తంలో వచ్చిన కళ అంటే ఇవ్వక్కర్లేదు. 1975లో కొందరిని పనిలోంచి తీసేయటం మీద ఆందోళన రేగింది. అమెరికన్ ఇండియన్ ఉద్యమకారులు ఫ్యాక్టరీని ఆక్రమించారు. కంపెనీ ఆ ఫ్యాక్టరీని మూసేసి వెళ్ళిపోయింది.

నేను చూసిన యంత్రాల్లో షిప్‌రాక్ చిప్పులున్నాయని అనటం లేదు. ఏ చిప్పు మీదా దాన్ని చేసిన చెయ్యి పేరు వుండదు కాబట్టి ఆ చరిత్రని విడిగా వెతుక్కోవాలని అంటున్నాను. చేనేత మగ్గం పక్కన పెరిగిన నా మిత్రుడు వినివుంటే ఈ సంగతి ఆయనకి కొత్తగా తోచేది కాదు. నేతని కళ అని పొగిడి నేతగాడికి కూలి ఎగ్గొట్టటం ఆయన ఇంట్లో చూసిన విషయమే.

రాతపనిలోనూ ఇంతే. బ్రిటిష్ నవలాకారుడు లెన్ డైటన్ 1970లో బాంబర్ అనే నవల ప్రచురించాడు. వర్డ్ ప్రాసెసర్ మీద తయారైన తొలి నవలగా దాన్ని మాథ్యూ కిర్షెన్‌బామ్ అనే చరిత్రకారుడు గుర్తించాడు. ఆ యంత్రం ఐ.బి.ఎం. వారిది, అయస్కాంత టేపుతో నడిచే టైపు మిషను. తొంభై కిలోల దాకా బరువు. లండన్‌లో ఆయన ఇంటికి దాన్ని చేర్చటానికి కిటికీ ఊడదీసి క్రేనుతో ఎత్తవలసి వచ్చింది. ఐతే దాన్ని ఎక్కువగా నడిపింది నవలాకారుడు కాదు, ఆయన సహాయకురాలు ఎలెనర్ హ్యాండ్లీ. ఆవిడ ఒకే అధ్యాయాన్ని మళ్ళీ మళ్ళీ టైపు చెయ్యవలసి రావటం వల్లనే ఆ యంత్రం ప్రస్తావన వచ్చింది. తొలి నవల ఎవరిదన్న ప్రశ్నకి జవాబు నవలాకారుడి పేరు. తొలి నవలని యంత్రం మీద చేసిన వేళ్ళు ఎవరివన్న ప్రశ్నని 2010లలో గానీ ఎవరూ అడగలేదు.

మన కంపోజిటర్ల సంగతి ఎవరు అడిగారు? తెలుగు కథ నూరేళ్ళ పైచిలుకు చరిత్రలో అక్షరం అక్షరం ఏరి పేర్చిన మనుషుల పేర్లు మన దగ్గర ఎన్ని వున్నాయి? నా మిత్రుడి ఏడు కథలకీ మొదటి పాఠకుడు ఆ డి.టి.పి. సెంటరు కుర్రాడు. అతనెవరో, ఇప్పుడెక్కడున్నాడో నేను తెలుసుకోలేకపోయాను.

6

ఇక ఫ్లాపీల సంగతి. అవి మూడున్నర అంగుళాలవి, ఒక్కొక్కటి 1.44 మెగాబైట్లవి. ప్రయోగశాలలో ఒక పాత యంత్రంలో పెట్టి చూశాం. మొదటి రెండూ చదవగలిగింది. మూడోదాని లోపలి పొర మీద బూజు పట్టింది. డ్రైవు ఎంతసేపు తిప్పినా దాన్నుంచి ఏమీ రాలేదు.

చదవగలిగిన రెండింట్లోని ఫైళ్ళు తెరిచాం. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు, అర్థంలేని చుక్కలు. నా పక్కనున్న విద్యార్థి ఫైలు పాడయిందేమో అన్నారు. పాడవలేదు. కథ చెక్కుచెదరకుండా అక్కడే వుంది. దాన్ని తెలుగుగా చూపించే ఫాంటు లేదు, అంతే. ప్రపంచంలో పాత యంత్రాల్ని బతికించే చోటికి వెళ్ళి కూడా నా మిత్రుడి కథలో ఒక్క వాక్యం చదవలేకపోయాను. యంత్రం దొరికితే చాలదని అప్పుడు తెలిసింది.

కారణం ఇది. కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలు తెలుసు. ఫలానా అంకె వస్తే ఫలానా అక్షరం చూపించమని ఒక ఒప్పందం వుండాలి. సీసపు అక్షరాల కేసులో ఏ గడిలో ఏ అక్షరం వుండాలో కంపోజిటర్ల మధ్య ఒప్పందం వుండేది కదా, అలాంటిది. ఇంగ్లీషుకి ఆ ఒప్పందం 1960లలోనే కుదిరింది. భారతీయ లిపులకి ఇస్కీ అనే ప్రమాణం 1988లో వచ్చింది, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఖాయం చేసింది. అదే 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో కూడా తెలుగుకి చోటు దొరికింది. ఐతే మన డి.టి.పి. ఫాంట్లు ఈ ప్రమాణాల దారిన నడవలేదు. ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన గళ్ళలోనే తెలుగు అక్షరాల ముక్కల్ని - తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు - ఎవరికి తోచిన వరసలో వాళ్ళు నింపుకున్నారు. ఒక కంపెనీ గడిలో కొమ్ము వుంటే, ఇంకొక కంపెనీలో అదే గడిలో ఒత్తు వుంటుంది. ఈ వరస ఏమిటో బయటికి చెప్పనక్కర్లేదు. చెప్పకపోతేనే లాభం, కొన్నవాడు ఇంకో చోటికి పోలేడు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో యూనికోడ్ తెలుగు మామూలు యంత్రాల్లోకి వచ్చిన తరవాత కూడా ప్రచురణరంగంలో పాత ఫాంట్లు చాలా ఏళ్ళు కొనసాగాయి.

అంటే సుమారు రెండు దశాబ్దాల తెలుగు సాహిత్యం ప్రైవేటు తాళంచెవుల కింద కంపోజయింది. అచ్చయినది పుస్తకంగా బతికింది. అచ్చుకాక ఫైళ్ళలో మిగిలినదాని గతి నా మిత్రుడి కథల గతే. ఇందాక చెప్పిన వైరుధ్యం మన మీద పడిన తీరు ఇది. బొమ్మలు గీసే తెర మనకి అక్షరాన్నిచ్చింది. మూతపడిన పెట్టె ఆ అక్షరం అర్థాన్ని తన దగ్గర పెట్టుకుంది.

తిరిగి వచ్చాక ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడూ నేనూ కూర్చున్నాం. మా పత్రికలో అచ్చయిన రెండు కథలు మొదటి ఫ్లాపీలో వున్నాయి. అచ్చుప్రతి ఒక పక్కనా, ఆ గుర్తుల గుంపు ఇంకో పక్కనా పెట్టుకుని పోల్చటం మొదలుపెట్టాం. రెండు లిపుల్లో వున్న ఒకే శాసనాన్ని పట్టుకుని తెలియని లిపిని విప్పినట్టు. డాలరు గుర్తు వచ్చిన ప్రతిచోటా అచ్చులో దీర్ఘం వుందా? వుంది. రాసుకో. నాలుగు నెలలు పట్టింది. అలా తయారైన పట్టికతో మిగిలిన కథలు విప్పాం. మొదటి ఫ్లాపీలో రెండు, రెండోదానిలో మూడు - అచ్చుకాని కథలు అయిదు బయటికొచ్చాయి. మొదటిదాన్ని ఆయన భార్యకి చదివి వినిపించాను. "ఇది మా మావయ్యగారి కథ. ఆ మగ్గం గుంట ఇప్పటికీ వుంది" అంది. ఇంకేమీ అనలేదు.

మా చేతిలో ఆ పాత పత్రిక అచ్చుప్రతి లేకపోతే ఆ అయిదు కథలూ లేవు. కాయితం ఫ్లాపీని కాపాడింది.

7

ఇదంతా సంపన్న విశ్వవిద్యాలయాల సరదా, మనకున్న సమస్యల్లో ఇదొక సమస్యా అని ఎవరైనా అడగవచ్చు. సంపన్నులు దీన్ని సరదాగా తీసుకోలేదు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం సల్మాన్ రష్దీ కాయితాలతో పాటు ఆయన వాడిన నాలుగు ఆపిల్ కంప్యూటర్లని కూడా సేకరించింది. 2010 నుంచి పరిశోధకులు ఆయన పాత కంప్యూటరుని, ఆయన తెర మీద ఎలా వుండేదో అలాగే తెరిచి చూసే ఏర్పాటు చేసింది. మంచి పని. కాని కీర్తి వున్న రచయిత చెత్తబుట్ట కూడా భద్రమై, మా మిత్రుడిలాంటి వాడి కథలు బూజుపట్టిపోతే, రేపటి సాహిత్య చరిత్ర ఎవరి చరిత్ర అవుతుంది? ఏది నిలవాలో ఇదివరకు రాజాస్థానం తేల్చేది. ఇప్పుడు గిడ్డంగి ఖర్చు భరించగలిగినవాడు తేలుస్తాడు.

మనం చెయ్యగలిగినవి కొన్ని వున్నాయి. వాటికి పెద్ద డబ్బు అక్కర్లేదు. 1990లలో, ఆ తరవాతి దశకంలో చిన్న పత్రికలు నడిపినవాళ్ళు, పుస్తకాలు వేసినవాళ్ళు అటకల మీదున్న ఫ్లాపీలూ సీడీలూ ఇప్పుడే దించాలి. ఇంకో పదేళ్ళు ఆగితే దించీ లాభం లేదు. వాటితో పాటు అదే సెంటర్లో కంపోజయిన అచ్చుప్రతి ఒకటైనా జతగా దాచాలి, తాళంచెవి అదే. ఆ సెంటర్లలో పనిచేసిన మనుషుల్ని వెతికి, ఏ ఫాంటు వాడారో, ఎలా వాడారో చెప్పించి రాసుకోవాలి. పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఔత్సాహికులు తయారుచేసినవి వున్నాయి. వాటిని ఇంకా అభివృద్ధి చేసి అందరికీ ఉచితంగా, తెరిచిన మూతతో అందుబాటులో వుంచాలి. కొత్తగా రాసేవాళ్ళు తమ రచనని ఏ ఒక్క కంపెనీ సొంత నిర్మాణంలోనో వదిలెయ్యకుండా మామూలు యూనికోడ్ పాఠంగా ఒక ప్రతీ, కాయితం మీద ఒక ప్రతీ వుంచుకోవాలి. సాహిత్య విద్యార్థులు ఒక పుస్తకాన్ని పరిశీలించేటప్పుడు అది ఏ పనిముట్టు మీద, ఎవరి చేతుల మీదుగా తయారైందో అడగటం నేర్చుకోవాలి. రచయితల సంఘాలు పట్టించుకోవలసిన పని ఇది. ఒక్కొక్కరుగా చేస్తే అయ్యేది కాదు.

ఆ అయిదు కథల్నీ, అచ్చయిన రెండింటితో కలిపి పుస్తకంగా వేసే ప్రయత్నంలో వున్నాం. మూడో ఫ్లాపీ నా బల్ల మీదే వుంది. దానిలోని రెండు కథలూ ఇక రావు. దాని మీద అంటించిన చీటీలో ఆయన బాల్ పెన్నుతో రాసిన ఆ రెండు కథల పేర్లు మాత్రం, పాతికేళ్ళ తరవాత కూడా, ఏ యంత్రమూ అక్కర్లేకుండా స్పష్టంగా చదవవచ్చు.